మబ్రూకా సంగతి

ఇరాన్ మీద అమెరికా విమానాలు బాంబులు వేసిన మర్నాడు పద్మనాభయ్య గారు గూడూరు నుంచి కోట అనే చిన్న ఊరికి వచ్చారు. కాలేజీలో ముప్పయ్యేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ప్రపంచంలో ఎక్కడ యుద్ధం జరిగినా పదిమందిని పోగేసి, దాన్ని ఖండిస్తూ ఒక సభ పెట్టందే ఆయనకు అన్నం సహించదు. బస్టాండు వెనక సందులో ఉన్న నర్సింగ్‌హోమ్‌లో బెంచీ మీద కూర్చుని, కరుణాకుమారి డ్రెస్సింగులు ముగించుకుని వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూశారు.

కరుణాకుమారికి యాభై రెండేళ్ళు. ఆ నర్సింగ్‌హోమ్‌లో హెడ్ నర్సు. అంతకు ముందు లిబియాలో ఐదేళ్ళు పనిచేసింది. 2011లో అక్కడ యుద్ధం వచ్చినప్పుడు ఆసుపత్రిలోనే చిక్కుపడిపోయి, ఆ ఏడాది చివర్లో ఇల్లు చేరింది. ఆమె యుద్ధంలోంచి బయటపడిందని కోటలో అందరికీ తెలుసు. అక్కడేం జరిగిందో మాత్రం ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళకు "ఏముంది, యుద్ధం" అని చెప్పి ఊరుకునేది.

"ఆదివారం సాయంత్రం సభమ్మా," అన్నారు పద్మనాభయ్య గారు. "మేమందరం పుస్తకాలు చదివి మాట్లాడేవాళ్ళం. బాంబు ఎట్టా ఉంటుందో మాలో ఒక్కరికీ తెలీదు. మీరు చూసినారు. పది నిమిషాలు మాట్లాడండి, చాలు."

"నాకు ఉపన్యాసాలు చేతగావు సార్."

"ఉపన్యాసం వద్దు. చూసింది చెప్పండి."

"నేను చూసింది మీకు పనికిరాదేమో సార్."

ఆయన దాన్ని వినయం అనుకున్నారు. ఆలోచించమని చెప్పి, చీటీ మీద ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళారు. కరుణాకుమారి ఆ చీటీని జేబులో పెట్టుకుంది గానీ వెళ్ళే ఉద్దేశం ఆమెకు లేదు.

అదే రోజు సాయంత్రం వార్డులో పెంచలయ్య అనే ముసలి రైతుకు సూది వేయడానికి వెళ్ళింది. పొలం గనిమ మీద జారి తుంటి విరగ్గొట్టుకుని, ఆపరేషనై పడుకుని ఉన్నాడాయన. కొడుకు నరేంద్రబాబు పక్కనే స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో వీడియో చూస్తున్నాడు. అతనికి సముద్రం వైపు ఆరెకరాల రొయ్యల గుంటలున్నాయి. ఫోన్‌లోంచి పేలుళ్ళ శబ్దం వార్డంతా వినిపిస్తోంది.

"చూసినారా సిస్టర్, ఏం కొట్టినాడో! కొండ లోపలిదాకా పొయ్యిందంట బాంబు. ఇట్టా కొడితేగానీ బుద్ధి రాదు వాళ్ళకి."

"సౌండు తగ్గించండి. అవతల బాలింతరాలుంది."

అతను సౌండు తగ్గించాడు గానీ మాట ఆపలేదు. "అయినా మీకు తెలీందేముంది? ఆ పొద్దు వాళ్ళ విమానాలొచ్చి కొట్టబట్టే గదా మీరు లిబియాలో బతికి బయటపడింది. అవునా కాదా, మీరే చెప్పండి."

సిరంజిలోకి మందు లాగుతూ ఆమె "అవును," అంది.

"ఆ! అదీ మాట!" అని నరేంద్రబాబు గెలిచినట్టు తండ్రి వైపు చూశాడు.

ఇంటికి వెళ్ళాక కరుణాకుమారికి ఆ 'అవును' మింగుడుపడలేదు. అది అబద్ధం కాదు. కానీ అంతటితో ఆగితే అబద్ధంకన్నా అన్యాయం. పద్నాలుగేళ్ళుగా ఏమీ చెప్పకుండా ఉండటం ఒక ఎత్తు. ఇప్పుడు సగం చెప్పింది. ఆ సగాన్ని అతను జేబులో వేసుకుపోయాడు. చీటీ తీసి పద్మనాభయ్య గారికి ఫోన్ చేసి, వస్తానని చెప్పింది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక తమ్ముడు టైటస్ ఆమెను మోటార్ సైకిల్ మీద గూడూరు తీసుకెళ్ళాడు. అతను బడిపంతులు, సంఘానికి సెక్రటరీ కూడా. దారి పొడవునా ఒకే మాట. "ముందు మన సంఘంలో చెప్పాల్సిందక్కా సాక్ష్యం. దేవుడు నిన్ను యుద్ధంలోంచి ఎట్టా తప్పించినాడో ఇన్నేళ్ళల్లో ఒక్కసారన్నా చెప్పినావా? ఇప్పుడు పొయ్యి ఆ నాస్తికుల సభలో చెప్తా ఉండావు."

సభ నిమ్మకాయల మార్కెట్టుకు ఆవలి వీధిలో, ఒక మేడ మీద హాల్లో. యాభై కుర్చీలు వేశారు, సగం నిండాయి. ఎక్కువమంది రిటైరైనవాళ్ళే. వేదిక మీద 'యుద్ధోన్మాదాన్ని ఎండగడదాం' అని బ్యానరు. వెనక వరసలో నరేంద్రబాబును చూసి ఆమె ఆశ్చర్యపోయింది. "రొయ్య సీడు కోసం వచ్చినా సిస్టర్. మీరు మాట్లాడతారంటే ఆగినా," అన్నాడతను నవ్వుతూ. నలుగురు మాట్లాడాక పద్మనాభయ్య గారు ఆమెను 'సామ్రాజ్యవాద దాడులకు ప్రత్యక్ష సాక్షి' అని పరిచయం చేశారు.

కరుణాకుమారి మైకు ముందు నిలబడింది. డాక్టరుకు కేసు చెప్పినట్టుగా మొదలుపెట్టింది.

"మా ఆసుపత్రి సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఉండేది. పేరు చెప్పినా మీకు గుర్తుండదు. ఆ ఊరోళ్ళు సర్కారు మీద తిరగబడితే సైన్యం వచ్చి చుట్టుముట్టింది. ఇండియా వాళ్ళకోసం ఓడ వచ్చిన రోజుకి రేవుకి పొయ్యే దారి మూసుకుపొయ్యింది. నేనూ, ఇద్దరు కేరళ అమ్మాయిలూ ఉండిపోయినాం. పై అంతస్తు మీద గుండ్లు పడినాయి. రోగులందర్నీ కింద వరండాల్లోకి మోసినాం. నీళ్ళు ఆపేసినారు. కట్టుగుడ్డలు సముద్రం నీళ్ళల్లో ఉడకబెట్టినాం. మత్తుమందు అయిపోతే మనుషుల్ని పట్టుకోని కోసినాం. ట్యాంకులు మా గేటు కనపడేంత దగ్గరికి వచ్చినాయి.

"ఒక రోజు మధ్యాన్నం విమానాలొచ్చినాయి. ఏ దేశానివో తెలీదు. అరగంటలో ఆ ట్యాంకులు కాలిపోయినాయి. మేమంతా మిద్దె ఎక్కి చేతులూపినాం. నేనూ ఊపినా. ఏడ్చుకుంటా ఊపినా. ఆ విమానాలు రాకపోయుంటే నేనీపొద్దు మీ ముందర నిలబడి ఉండను. అది నిజం. అబద్ధం చెప్పలేను."

వెనక నుంచి 'అదీ మాట!' అని ఒక్క కేక వినిపించింది. నరేంద్రబాబు ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో తీస్తున్నాడు. వేదిక మీద పద్మనాభయ్య గారు తల దించుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. కాసేపటికి ఒక చీటీ ఆమె ముందుకు వచ్చింది. 'సమయాభావం. దయచేసి దాడులను ఖండిస్తూ ముగించగలరు.'

ఆమె చీటీ చదివి మడిచి పక్కన పెట్టింది. "ఇంకా ఉండాది సార్. నేను వచ్చింది దానికోసమే," అంది.

తర్వాత ఆమె మబ్రూకా గురించి చెప్పింది.

మబ్రూకా ఆ ఆసుపత్రిలో ఆయా. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. నల్లటి మనిషి, బాగా పొడగరి. నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనిపించేది. ఆమెది ఆ పట్టణానికి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో ఊరు. అక్కడ అందరూ నల్లవాళ్ళే. వాళ్ళ ముత్తాతలను ఎప్పుడో బానిసలుగా తెచ్చారని చెప్పుకునేవాళ్ళు. ముట్టడి జరిగినన్ని రోజులూ మబ్రూకా ఇంటికి వెళ్ళలేదు. పనిముట్లు ఉడికించే ఆవిరి డబ్బా మీదపడి కరుణాకుమారి కుడిచెయ్యి కాలితే, నెలరోజులు ఆమె తల దువ్వి జడ వేసింది మబ్రూకాయే. కొత్తలో రోజూ పదేసి అరబ్బీ మాటలు నేర్పిందీ ఆమే. గుండ్లు పడుతున్నప్పుడు ఇద్దరూ ఒకే మంచం కింద దూరి, ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్ళు. కరుణాకుమారి తన కూతురు ఏంజెలిన్ గురించి చెప్పేది. పదో తరగతిలో లెక్కలకెన్ని మార్కులు వచ్చాయో కూడా మబ్రూకాకు తెలుసు.

"సైన్యం మా మీద గుండ్లు పేల్చింది ఆమె ఊళ్ళో మకాం పెట్టే," అని కరుణాకుమారి సభలో చెప్పింది. "ఆ ఊరి మగోళ్ళు కొందరు సైన్యంతో కలిసి మా ఊళ్ళోకొచ్చి ఘోరాలు చేసినారు. చెయ్యలేదని నేను చెప్పను. ఆ ఘోరాలు జరిగిన ఆడోళ్ళకి కట్లు కట్టింది నేనే. కానీ మబ్రూకా మా దగ్గరుండాది. ఆ ఆడోళ్ళకే ఆమె నీళ్ళు పోసింది.

"విమానాలు వచ్చినాక మెల్లిగా మనోళ్ళు గెలిచినారు. నేను మనోళ్ళు అనే అనేదాన్ని. తుపాకులు పట్టుకున్న పిలకాయలు. ఇరవై ఏళ్ళు, పంతొమ్మిదేళ్ళు. అందర్నీ నేనే కుట్టినా. హైతమ్ అని ఒకడు. తొడలోకి గుండు దిగింది. కాలు తీసేద్దామన్నాడు డాక్టరు. నేను ఒప్పుకోలా. పదకొండు రోజులు కూచోని కడిగి కడిగి నిలబెట్టినా. చెమ్చాతో గంజి పోసినా. నన్ను మామా, మామా అనేవాడు. అంటే అమ్మ.

"ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే వాడు ఇంకో నలుగుర్ని ఏసుకోని ఆసుపత్రికొచ్చినాడు. ఈడ ఆ ఊరోళ్ళు ఎవురన్నా ఉండారా అని అడిగినాడు. డాక్టర్లు ఎవురూ మాట్లాడలా. వాళ్ళకి తెలుసు ఎందుకు అడగతా ఉండాడో. నాకు తెలీదు. వాడు నా దగ్గరికొచ్చి, మామా, నువ్వు అబద్ధం చెప్పవు, మబ్రూకా యాడుంది అన్నాడు."

వెనక వరసలో నరేంద్రబాబు ఇంకా వీడియో తీస్తూనే ఉన్నాడు.

"నేను భయపడి చెప్పలా. వాడు నా మీద తుపాకి పెట్టలా. పెట్టుంటే చెప్పేదాన్ని కాదేమో. నేను నమ్మి చెప్పినా. వాడు మనోడే గదా, నా చేత్తో గంజి తాగినోడు గదా, ఏదో అడిగి పంపిస్తాడులే అనుకున్నా. దుప్పట్లు మడతబెట్టే గదిలో ఉందని చెప్పినా. చేత్తో చూపించినా గూడా.

"వాడు ఆమెని కొట్టలా, తిట్టలా. సంచి సర్దుకోనిచ్చినాడు. సంచి వాడే మోసుకోని పొయ్యినాడు. ఆమె నా పక్కనుంచే పోతా నన్ను చూసింది. ఏమీ అనలా. మళ్ళీ కనపడలా.

"వారం తర్వాత వాడు వస్తే అడిగినా. ఆ ఊరే లేదు ఇంక మామా అన్నాడు. నవ్వుతా చెప్పినాడు. నేను దేశం వదిలి వచ్చే రోజు విమానాశ్రయానికి ఆ ఊరి మీదుగానే తెచ్చినారు. ముప్పై వేలమంది ఉండే ఊరంట. ఒక్కడు లేడు. తలుపులు తీసుండాయి. ఇళ్ళు వరసగా కాలిపోయుండాయి. మేకలు రోడ్డు మీద తిరగతా ఉండాయి. ఇదంతా చేసింది విమానాలు కాదు. మేము చేతులూపి పిలుచుకున్నది మమ్మల్ని కాపాడనీకి. కాపాడినాయి. కాపాడి ఎల్లిపొయ్యినాయి. తర్వాత మేము చేసింది చూడనీకి ఏ విమానమూ రాలా. మేము అంటే, నేను గూడా."

ఆమె మైకు దగ్గర్నుంచి జరిగింది. పద్నాలుగేళ్ళు దాచుకున్నదాన్ని బయటపెట్టింది. ఎవరైనా ఏదైనా అంటారని, తిట్టినా సరేనని అక్కడే నిలబడింది.

మొదటి వరసలో ఖద్దరు చొక్కా ఆయన లేచాడు. "అమ్మా, అక్కడ ఆడవాళ్ళు ఉద్యోగాలకు పోతారా? బుర్ఖా లేకుండా బయటకి రానీరని విన్నా."

"పోతారు," అంది కరుణాకుమారి.

"వాళ్ళ చమురు కోసమే గదా ఇదంతా," అన్నాడు ఇంకొకాయన, ఎవరినీ అడగనట్టు. పద్మనాభయ్య గారు లేచి, సమయం మించిపోయిందని, సోదరి అనుభవం యుద్ధాల భయానకతకు అద్దం పట్టిందని చెప్పి, శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో తీశారు. టీ ఇచ్చారు.

తిరుగు ప్రయాణంలో టైటస్ విద్యానగర్ దాటాక బండి నెమ్మది చేసి అన్నాడు. "ఆ చివరిది చెప్పకుండా ఉంటే బాగుండేదక్కా."

"ఏది?"

"నువ్వే చూపించినావని. పదిమందిలో ఎందుకు? నువ్వు తెలిసి చేసింది కాదు గదా. ప్రభువు ఎప్పుడో క్షమించుంటాడు."

"ప్రభువుని నేను పట్టిచ్చినానా? ఆమెని పట్టిచ్చినా. ఆమె క్షమించాల. యాడుందో వెతికి పిలుచుకొని రాగలవా?"

టైటస్ ఆమెను ఇంటి దగ్గర దించి, "వచ్చే ఆదివారం సాక్ష్యానికి నీ పేరు రాద్దామనుకున్నా, ఇంక వద్దులే," అని వెళ్ళిపోయాడు.

మంగళవారం పేపర్లో జిల్లా పేజీలో వార్త వచ్చింది. శాలువా కప్పుతున్న ఫొటో. కింద 'అగ్రరాజ్యాల దాడులతో ఛిద్రమైన లిబియా: నర్సు కరుణాకుమారి కన్నీటి గాథ' అని రాశారు. విదేశీ విమానాలు ముప్పై వేల జనాభా ఉన్న ఒక ఊరిని నేలమట్టం చేశాయని ఆమె చెప్పినట్టు ఉంది. మబ్రూకా పేరు లేదు.

ఆమె పద్మనాభయ్య గారికి ఫోన్ చేసింది. "సార్, నేనట్టా చెప్పలేదు గదా. ఊరిని కాల్చింది విమానాలు కాదు."

"విలేకరికి అంత వివరం పట్టదమ్మా. పోనీండి, సారాంశం అదేగదా. ఆ విమానాలు రాకపోతే ఆ పిల్లలకి తుపాకుల బలం వచ్చేది కాదు. మీరు దాన్ని లోతుగా చూడాల."

"లోతుగానే చూసినా సార్. నేను ఆ ఊరి మీదుగానే వచ్చినా."

"సవరణ వెయ్యమని అడుగుతాలేమ్మా," అన్నారాయన. గొంతులో చిరాకు లేదు, దయే ఉంది. ఆ దయకే ఆమెకు ఒళ్ళు మండింది. సవరణ రాలేదు.

ఇంకోపక్క నరేంద్రబాబు తీసిన వీడియో రొయ్య రైతుల గ్రూపులోంచి ఊరంతా పాకింది. నలభై సెకన్లు. ఆమె ఏడుపు గొంతుతో 'ఆ విమానాలు రాకపోయుంటే నేనీపొద్దు మీ ముందర నిలబడి ఉండను. అది నిజం' అంటుంది. అక్కడితో అయిపోతుంది. కింద 'మన కోట సిస్టర్ నిజం చెప్పింది, కళ్ళు తెరవండి' అని రాసి ఉంది. మందుల షాపతను, కూరగాయలామె, నర్సింగ్‌హోమ్ వాచ్‌మన్, అందరూ ఆమెను ఆపి మెచ్చుకున్నారు.

తండ్రికి భోజనం తెచ్చిన నరేంద్రబాబును ఆమె వార్డు బయట ఆపింది. "మీ దగ్గర మొత్తం ఉండాది గదా. మిగిలింది గూడా పెట్టండి."

"అంతసేపు ఎవురు చూస్తారు సిస్టర్? పైగా ఆ కడాకు చెప్పింది జనాలకి అర్థం గాదు. మీకే చెడ్డపేరు. నేను మీ మంచికోరే తీసేసినా." అతని ముఖంలో ఏ కపటమూ లేదు. నిజంగానే మంచి చేశాననుకుంటున్నాడు. "అయినా సిస్టర్, ఆమె ఊరోళ్ళు ఏదో చెయ్యబట్టే గదా ఇదంతా. ఊరికే ఎందుకు కాలుస్తారు?"

హైతమ్ కూడా ఇదే గొంతుతో, ఇంత మామూలుగానే మాట్లాడేవాడు. ఆమె లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నం రెండింటికి ఉక్కపోత. కరెంటు పోయి జనరేటరు మీద ఫ్యాన్లు మెల్లగా తిరుగుతున్నాయి. కొడుకు వెళ్ళిపోయాక పెంచలయ్య కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఆమె బీపీ చూడటానికి చెయ్యి పట్టుకోగానే కళ్ళు తెరిచాడు.

"మావాడు ఆ ఈడియో మొత్తం నా పక్కన కూచోనే చూసినాడు తల్లీ. తర్వాత కోసినాడు గానీ, వాడు కోయకముందే నేను విన్నా."

ఆమె ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టింది.

"ఆ మనిషి. సంచి సర్దుకోని పొయ్యిందే, ఆయమ్మ. బిడ్డలుండారా ఆమెకి?"

వారం రోజుల్లో మబ్రూకా గురించి ఎవరైనా అడిగిన మొదటి మాట అది.

"ఉండారు పెద్దాయనా. ఇద్దరు."

"ఆడబిడ్డలా, మొగబిడ్డలా? ఏం పేర్లు?"

కరుణాకుమారి మంచం కింద దూరి గడిపిన అన్ని పూటలూ గుర్తుకు తెచ్చుకుంది. ఏంజెలిన్ అమ్మవారు పోసి పడుకున్నది, ఏంజెలిన్‌కు కుట్టించిన గౌను, ఏంజెలిన్ లెక్కల మార్కులు. మబ్రూకా తల ఊపుతూ వింటూ ఉండేది. ఇద్దరు పిల్లలని వేళ్ళు చూపించి ఒకసారి చెప్పింది. అంతే. ఆ తర్వాత మాట మళ్ళీ ఏంజెలిన్ మీదకే మళ్ళింది.

"తెలీదు," అంది. "ఒక్కసారి గూడా అడగలా నేను."

పెంచలయ్య ఓదార్చే మనిషి కాదు. "నన్ను ఆ పక్కకి తిప్పు తల్లీ, నడుం కాలిపోతా ఉండాది," అన్నాడు.

ఆమె ఆయన మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, భుజం కింద చెయ్యి వేసి, తుంటి మీద బరువు పడకుండా జాగ్రత్తగా తిప్పింది. వీపంతా ఎర్రగా కందిపోయి ఉంది. తడిగుడ్డతో తుడిచి, పౌడరు రాసింది. తర్వాత పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.